ముగింపుల బీరువా

మూడు తలల రాక్షసుడికి రేషన్ కార్డు ఒకటివ్వాలా, మూడివ్వాలా అన్న సంగతి జొన్నలంక శాఖా గ్రంథాలయంలో ఇప్పటికీ తేలలేదు.

మూడివ్వాలని సైకిల్ షాపు నూకరాజు పట్టు. తినే నోళ్ళు మూడున్నప్పుడు కార్డు ఒక్కటి చేతిలో పెట్టడం రాక్షసుల్ని చిన్నచూపు చూడడమేనంటాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పే హైమవతి ఒప్పుకోదు. “పొట్ట ఒక్కటే కదయ్యా. నోళ్ళు లెక్కపెట్టి బియ్యం ఇచ్చేటట్టయితే మా స్టాఫ్ రూముకి లారీ కూడా చాలదు” అంటుంది. ఫొటో స్టూడియో జిలానీది వేరే బాధ. కార్డు మీదికి ఫొటో ఎవరు తీస్తారు? ఒక తల కళ్ళు తెరిచేసరికి ఇంకో తల మూస్తుంది. పెళ్ళిళ్ళలో గ్రూపు ఫొటోలతోనే తను చస్తున్నాడు.

ఈ రాక్షసుడి పేరు గండశిల. ‘ఉప్పుకోట’ అనే మాయల నవలలో ఉంటాడు. ఏడు సంపుటాల నవల. నడిమి తలకి పన్ను నొప్పి. ఆ నొప్పితోనే ఆరు సంపుటాలు నెట్టుకొచ్చాడు.

ఆదివారం పొద్దున తలుపు తియ్యడం ఆలస్యం, ఈ ముగ్గురూ ఫ్యాను కింద బల్ల ఆక్రమించి బొమ్మల కథలూ మాయల నవలలూ పరుచుకుంటారు. మాయమయ్యే పసరు రాసుకున్నవాడి లుంగీ కూడా మాయమవుతుందా? ఎగిరే మంచానికి పంచాయతీ పన్ను వేస్తుందా? కప్పగా మారిన మొగుడికి కంచంలో వడ్డించాలా, గోడ మీద వదిలెయ్యాలా? గ్రంథపాలకుడు పద్మనాభం ‘నిశ్శబ్దం’ అన్న బోర్డు వైపు వేలు చూపించి చూపించి, చివరికి ఆ వేలితోనే చెవి మూసుకుంటాడు.

నాలుగో మనిషి భద్రయ్య. రేవులో జనాన్నీ సరుకునీ దాటించే పంటు నడిపేవాడు. వంతెన కట్టాక పంటుకీ తనకీ పనిలేకుండా పోయింది. కిటికీ పక్కన కూర్చుంటాడు. వాదనలో దిగడు. పుస్తకం చేతికి రాగానే వెనక్కి తిప్పి ఆఖరి ఆకులు చదువుతాడు. ఎవరు మిగిలారో, ఎవరు పోయారో చూసుకుంటాడు. ఆ తరవాత మొదటికొస్తాడు. పోయేవాళ్ళ పేజీలు వచ్చినప్పుడల్లా గబగబా తిప్పేస్తాడు.

“పోయేవాడితో సావాసం ఎందుకు?” అంటాడు.

ఈ పద్ధతి మొదట్నించీ లేదు. ఉప్పుకోట మూడో సంపుటం దాకా మధ్యాహ్నం భోజనాలయ్యాక పెళ్ళాం సూరమ్మకి గట్టిగా చదివి వినిపించేవాడు. సూరమ్మకి అక్షరం రాదు. అభిప్రాయాలు మాత్రం గట్టివి. నవలలో సోమరేఖ అని ఒక ముసలి మంత్రగత్తె ఉంది. నేర్చుకున్న మంత్రాల్లో సగం మరిచిపోయి, ఆ ఖాళీలు తిట్లతో నింపుకుంటుంది. అయినా మంత్రం పారుతుంది. సూరమ్మకి ఆవిడంటే ప్రాణం. “దాన్ని గాని చంపేడంటే, ఈ రాసినోడి ఇంటికెళ్ళి అడిగేత్తాను” అనేది.

మూడో సంపుటం మధ్యలో సూరమ్మే పోయింది. ముందుగా ఎవరూ చెప్పలేదు. డాక్టరు జ్వరమన్నాడు. అప్పట్నించీ భద్రయ్య ఏ కథనీ ముందునుంచి నమ్మలేదు. బతుకులో ఆఖరి ఆకు ముందు చూసే సౌకర్యం లేదు. పుస్తకంలో ఉంది. ఉన్నది వాడుకోవడం తప్పెలా అవుతుంది?

తప్పయింది. అదెలాగో చెప్పాలి.

ఒక ఆదివారం నూకరాజు ఆరో సంపుటం చంకలో పెట్టుకొచ్చి, గండశిలకి ఆఖర్న కట్టుడుపళ్ళు పెట్టిస్తారని పందెం కాస్తున్నాడు. నడిమి తలకే పెట్టిస్తే పక్క తలలు ఊరుకుంటాయా అని జిలానీ. గంటసేపయ్యింది. భద్రయ్యకి విసుగొచ్చింది.

“ఎందుకెహె ఈ గోల? ఆఖర్న ఆడు పోతాడు. మూడు తలలూ పోతాయి.”

నూకరాజు పుస్తకం బల్ల మీద పెట్టాడు.

“బాబాయ్! నేనింకా రెండో అధ్యాయంలో ఉన్నాను!”

“ఉండు. నిన్నెవడు లెగమన్నాడు?”

నూకరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉక్రోషంతో కాగితం లాక్కుని, ‘నా రాక్షసుణ్ణి నేను చదువుకోకముందే వేరే పాఠకుడు చంపినాడు, కావున తగు చర్య తీసుకోవలసిందని ప్రార్థన’ అని రాసి, గోడకున్న ఫిర్యాదుల పెట్టెలో పడేశాడు. రాశాక కోపం తగ్గింది. నలుగురూ కలిసి టీ తాగారు. భద్రయ్యే ఇప్పించాడు. అక్కడికి అయిపోవలసిన కథ.

కాని అది ప్రభుత్వం ప్రకటించిన పాఠకుల హక్కుల సంవత్సరం. సంవత్సరం చివరికొచ్చేసింది. రాష్ట్రం మొత్తం మీద ఒక్క పాఠకుడు కూడా తన హక్కు పోయిందని చెప్పుకోలేదు. హక్కులు కాపాడ్డానికి వేసిన ప్రత్యేకాధికారికి కారుంది, బంట్రోతున్నాడు, గదికి తెరలున్నాయి. కాపాడ్డానికి మాత్రం ఏమీ లేదు. అలాంటి సమయంలో జొన్నలంక పెట్టెలో కాగితం దొరికింది.

ప్రత్యేకాధికారి చిదానందమూర్తి స్వయంగా వచ్చాడు. దండ వేయించుకున్నాడు. మైకు అక్కర్లేని గదిలో మైకు పెట్టించుకున్నాడు.

“పాఠక మహాశయులారా! ముగింపు అనునది పాఠకుని స్థిరాస్తి. సదరు ఆస్తిలో ఇతరులు ముందుగా ప్రవేశించుట ఆక్రమణతో సమానము. ఈ విషయమై ప్రభుత్వము చూచుచూ ఊరకుండజాలదు.”

నూకరాజు లేచి నిలబడ్డాడు. “అయ్యా, నేను సరదాకి రాసేనండి.”

“సరదాగా వ్రాయబడినను తీవ్రముగా స్వీకరించబడినది. కూర్చొనుము.”

నూకరాజు కూర్చున్నాడు. అప్పుడు నిబంధనలు చదివారు. గ్రంథాలయంలోని ప్రతి గ్రంథం నుంచీ చివరి రెండాకులు కోసి, కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి, ఇనప బీరువాలో భద్రపరచాలి. మిగతా గ్రంథం చదివినట్టు మౌఖిక పరీక్షలో నిరూపించుకున్న పాఠకుడికే ముగింపు ఇవ్వాలి. కోసేవాడు కళ్ళు మూసుకుని కొయ్యాలి. తెరిస్తే వాడే మొదటి ఆక్రమణదారు అవుతాడు.

పద్మనాభం చెయ్యెత్తాడు. “అయ్యా, నవలలకేనాండీ?”

“ఉత్తర్వులో గ్రంథములు అని ఉన్నది. గ్రంథాలయములో గ్రంథములు కానివి ఏమున్నవి?”

“నేనున్నానండి.”

“నీకు చివరి ఆకులు లేవు. తరువాత?”

“కవరు మీద పుస్తకం పేరు రాయమంటారాండీ?”

చిదానందమూర్తి చాలాసేపు ఆలోచించాడు. “వ్రాయరాదు. పేరు వ్రాసినచో సదరు గ్రంథమునకు ముగింపు కలదని తెలిసిపోవును.”

ఈ మాటకి బంట్రోతు చప్పట్లు కొట్టాడు. భద్రయ్య మాత్రం అధికారి మొహాన్ని శ్రద్ధగా చూశాడు. పంటు మీద రకరకాల సరుకు దాటించాడు గాని, ఇలాంటిది ఎప్పుడూ ఎక్కలేదు.

కోత మొదలైంది. పద్మనాభం కళ్ళు గట్టిగా మూసుకుని బ్లేడుతో కోసుకుంటూ పోయాడు. రెండాకులు తెగాల్సిన చోట కొన్నిటికి నాలుగు తెగాయి. ఒక దానికి అట్ట తెగింది. ఒక దానికి పద్మనాభం బొటనవేలు తెగింది. చిన్న నిఘంటువులో ‘హ’ అక్షరం పోయింది. పాఠకుల హక్కుల సంవత్సరంలో హక్కు అనే మాటకి అర్థం చూసుకుందామంటే హైమవతికి దొరకలేదు. పంచాంగంలో ఫాల్గుణం పోయింది. ఆ నెలలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ముహూర్తం కోసం మౌఖిక పరీక్షకి కూర్చున్నారు. రోజూ పొద్దున్నే పేపరు రాగానే క్రికెట్ ఉన్న ఆఖరి పేజీ కోసి బీరువాలో పెట్టేవారు. ఎవరు గెలిచారో బీరువాకి తెలుసు.

తరవాత గ్రంథాలయానికి నూరు గజాల దూరం వరకు ‘ముగింపు రహిత మండలం’ అని గీత గీశారు. ఆ గీత లోపల ఏ విషయానికీ చివర చెప్పకూడదు. కండక్టరు బస్సు ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పడం మానేశాడు. ఎక్కినవాళ్ళు దిగమన్నచోట దిగారు. బుర్రకథ దళం రాజు గుర్రమెక్కేదాకా చెప్పి, గుర్రం మీదే వదిలేసి మంగళం పాడేసింది.

టీకొట్టు పక్కన కోటయ్యగారు పోయారని ఇంటివాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. పెద్ద ఫొటో, రెండు దీపాలు, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. చిదానందమూర్తి కారు ఆపించాడు.

“ఇది ముగింపు కాదా?”

తెల్ల రంగు తెప్పించి పోయిన తేదీ చెరిపించి, అక్కడ ‘వివరములకు గ్రంథాలయమును సంప్రదించండి’ అని రాయించాడు. పొరుగూరి నుంచి వచ్చిన అల్లుడు అది చదువుకుని తిన్నగా పద్మనాభం దగ్గరికొచ్చాడు.

“ఇంతకీ మా మావయ్య ఉన్నట్టాండీ, పోయినట్టాండీ?”

“అది చెప్పకూడదండి. ముందు ఆయన జీవితం మీద మౌఖిక పరీక్షకి కూర్చోండి.”

అల్లుడు కూర్చున్నాడు. మావగారి ఇష్టమైన కూర అడిగారు, తెలీదు. చిన్నప్పటి స్నేహితుడి పేరడిగారు, తెలీదు. పొలం ఎంతుందో అడిగారు, సెంట్లతో సహా చెప్పాడు. ఒక్క ప్రశ్నకే సమాధానం వచ్చింది కనక తప్పాడు. కిటికీ పక్కన కూర్చున్న భద్రయ్యకి ఈ పరీక్ష ఒక్కటీ నచ్చింది.

నచ్చనిది ఒకటుంది. ఉప్పుకోట ఏడో సంపుటం వచ్చింది. పద్మనాభం కట్ట విప్పగానే కళ్ళు మూసుకుని రెండాకులు కోసేసి, కవర్లో పెట్టి, బీరువాలోకి తోసేశాడు. అదే ఆఖరి సంపుటం. సోమరేఖ ఉంటుందో పోతుందో ఆ రెండాకుల్లో ఉంది. మూడో సంపుటం మధ్య నుంచి సూరమ్మ తరఫున భద్రయ్య కనిపెట్టుకుని ఉన్న ప్రశ్న అదొక్కటే.

భద్రయ్య బల్ల దగ్గరికెళ్ళాడు.

“ఆ ఆఖరి ఆకులియ్యి.”

“ముందు పుస్తకం చదవాలండి.”

“ఆఖరు తెలీకుండా నేను చదవను.”

“చదవకుండా ఆఖరివ్వరండి.”

“అయితే?”

“అయితే అంతేనండి.”

నిబంధనల్లో ఇలాంటి మనిషికి చోటు లేదు. భద్రయ్య పుస్తకాన్ని బల్ల మీద అలాగే వదిలేసి వచ్చి, పాతవే మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. వాటి ముగింపులు ఎటూ తెలుసు.

అక్కడ ఇంకో చిక్కొచ్చింది. భద్రయ్య పేజీలు తిప్పే తీరు నూకరాజు కనిపెట్టేశాడు. “ఒరే జిలానీ, బాబాయి వేళ్ళు చూడు. మంత్రి వచ్చినప్పుడల్లా గబగబా తిప్పేత్తన్నాడు. మంత్రి అవుట్!” అన్నాడు. అప్పట్నించీ ఏ పుస్తకం కావాలన్నా ఇద్దరూ దాన్ని ముందు భద్రయ్య చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని వేళ్ళు చూసేవారు. ఈ కబురు పైకి వెళ్ళింది. పైనించి ఉత్తర్వు వచ్చింది: ‘సదరు భద్రయ్య అను పాఠకుని ముఖమును, వ్రేళ్ళును ముగింపులను వెల్లడించుచున్నవి. ఆయనను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టవలెను.’

కుర్చీ గోడవైపు తిప్పారు. భద్రయ్య ఏమీ అనలేదు. గోడ కూడా ఏమీ అనలేదు. చాలామంది మనుషులకంటే ఇదే నయమనుకున్నాడు.

నూకరాజు ఆరో సంపుటం, ముగింపు తప్ప, పూర్తి చేసి పరీక్షకి కూర్చున్నాడు. చిదానందమూర్తే పరీక్షకుడు.

“రాక్షసునికి నొప్పి ఏ తలకు?”

“నడిమి తలకండి. కింద వరస, ఎడంపక్క, చివరి నుంచి రెండోదండి. పుచ్చుకి కారణం సముద్రం మీద ఓడలో తిన్న బెల్లమండి.”

అంత వివరం చిదానందమూర్తికి తెలీదు. తెలీనిదంతా సరైనదే అనుకునే అలవాటు ఉద్యోగంలో వచ్చింది. ఉత్తీర్ణుడయ్యావన్నాడు. కళ్ళు మూసుకుని బీరువాలో చెయ్యిపెట్టి ఒక కవరు తీసి ఇచ్చాడు.

నూకరాజు ముద్ర పగలగొట్టి గట్టిగా చదివాడు:

“పైన వేలెడు నూనె తేలేలా చూసి, జాడీ మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టి, చీకటి గదిలో కదపకుండా ఉంచాలి. మూడోనాడు తీసి కలపాలి.”



“చావలేదు!” అని అరిచాడు నూకరాజు. “జాడీలో పెట్టేరంతే! బాబాయ్, నువ్వు చెప్పింది తప్పు!”

“మరి నూనె ఎందుకు?” అంది హైమవతి.

“పన్ను నొప్పికండి. లవంగ నూనె.”

“వేలెడు లవంగ నూనెకి ఎంతవుతుందో తెలుసా?”

“ఆస్తంతా ఉప్పుకోట రాజుది కదండీ, మీదేం పోయింది?”

జిలానీ కాగితం తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. “చీకటి గదిలో కదపకుండా ఉంచాలన్నాడు. అదే అసలు కీలకం. మా నాన్న ఫిలిం కడిగే రోజుల్లో అంతే. తలుపు తీస్తే బొమ్మ పోద్ది. తలుపు తీస్తే రాక్షసుడు వచ్చేస్తాడు.”

“మూడోనాడు తీసి కలపాలి అంటే?” అంది హైమవతి.

“మూడు తలలూ కలుపుతారండి!” అన్నాడు నూకరాజు. “ఒకటే తల చేసేత్తారు. నొప్పి లేని తల. రేషన్ కార్డు గొడవ కూడా తేలిపోయినట్టేనండి. మీరే గెలిచేరు, ఒక్కటే కార్డు!”

ఇంత గొప్ప ముగింపు తన జీవితంలో చదవలేదన్నాడు. భద్రయ్య గోడవైపు నుంచి తిరక్కుండానే అన్నాడు.

“అది ఆవకాయరా.”

“ఎలా చెప్తావు?”

“మా ఇంట్లో ఏటేటా ఇని ఇని. వాసెన కట్టినాక జాడీ ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొట్టేది సూరమ్మ.”

“నీకు అసూయ బాబాయ్” అన్నాడు నూకరాజు.

అదే వారం పచ్చళ్ళ పుస్తకం పరీక్ష నెగ్గిన పోస్టుమాస్టరు భార్య కవరు పట్టుకుని వచ్చింది. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి ముక్కలకి పట్టించాక ‘కోట నలువైపులా అంటుకుంది, మూడు తలలూ ఒకదాని తరవాత ఒకటి నేలకొరిగాయి’ అని ఉందిట. ముక్కలు పాడైపోయాయి. ఆవిడ చిదానందమూర్తిని ఏ మంత్రమూ లేకుండా తిట్టింది.

అప్పుడు తెలిసింది ప్రత్యేకాధికారికి. బీరువా నిండా ముగింపులున్నాయి. ఏది దేనిదో బీరువాకి కూడా తెలీదు. సంవత్సరాంతపు తనిఖీకి పెద్దవాళ్ళు వచ్చేస్తున్నారు.

పద్మనాభం మెల్లగా అన్నాడు. “అయ్యా, ఈ గ్రంథాలయంలో ప్రతి పుస్తకం ఆఖరూ చదివినాయన ఒకాయన ఉన్నారండి.”

“ఎవరు?”

పద్మనాభం గోడవైపు చూపించాడు.

చిదానందమూర్తి లేచి, గోడకీ కుర్చీకీ మధ్య ఇరుక్కుని నిలబడి, నేరస్తుణ్ణి తొలిసారిగా ఎదురుగా చూశాడు.

“సదరు కవరులను తెరచి ఏది ఏ గ్రంథమునకు చెందినదో వేరుచేయవలెను. మీ సేవలను ప్రభుత్వము వినియోగించుకొన దలచినది.”

“చదవాలా?”

చిదానందమూర్తి చిక్కులో పడ్డాడు. చదవమంటే తన నిబంధన తనే తప్పినట్టు. చదవొద్దంటే పని జరగదు. కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చాడు.

“చదువవచ్చును. గ్రహించరాదు.”

“అదెలాగండీ?”

“మా కార్యాలయములో మేమందరము అటులనే చదువుదుము. అలవాటు కావలెను.”

భద్రయ్య ఒప్పుకున్నాడు. సేవ చెయ్యాలని కాదు. బీరువాలో ముగింపులన్నీ తనకి తెలిసినవే, ఒక్కటి తప్ప. తెలిసినవన్నీ తీసేస్తే మిగిలేది అదే. అదొక్కటి చాలనుకుని కూర్చున్నాడు.

చాపేసుకుని కవర్లు విప్పడం మొదలుపెట్టాడు. ఒక రాకుమారి పెళ్ళి. ఒక సేనాపతి చావు. ఒక పెళ్ళి. ఒక చావు. రోలు పొత్రం కడిగి ఎండబెట్టే విధానం. ఒక చావు. ఎవరో నది ఒడ్డున ఎవరి చెయ్యో పట్టుకుని ‘నన్ను మరిచిపోకు’ అంటున్నారు. ఏ పుస్తకానిదో భద్రయ్య వెంటనే చెప్పాడు. ఆ అన్నదెవరో, పట్టుకున్నదెవరి చెయ్యో మాత్రం గుర్తు రాలేదు. వాళ్ళ పేజీలు గబగబా తిప్పేశాడు కదా. ఇంకోటి తీశాడు. ఎవరో చితి ముందు ఏడుస్తున్నారు. పుస్తకం పేరు తెలుసు. మనిషి తెలీదు. ఇంకోటి. ఇంకోటి. పోయినవాళ్ళందరి చివరి మాటలూ అతనికి కంఠతా వచ్చు. ఒక్కరితోనూ పరిచయం లేదు. కోటయ్యగారి అల్లుడిలాగే తనూ పరీక్ష తప్పేవాడే.

సాయంత్రానికి చాప మీద ఒకే కవరు మిగిలింది.

నూకరాజు, హైమవతి, జిలానీ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. లోపలికి రావాలని ఉంది, వినకూడదని ఉంది.

“బాబాయ్, నీకు దండం పెడతాను, చదివితే చదువు గాని మొహం అటు తిప్పుకో!”

భద్రయ్య మొహం గోడవైపు తిప్పుకుని ముద్ర పగలగొట్టాడు. చదివాడు. మడిచి కవర్లో పెట్టాడు. పద్మనాభం చేతికిచ్చాడు.

“ఇది ఏడో సంపుటానిది. అంటించెయ్యి. పుస్తకం రేపట్నించి నాక్కావాలి.”

తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. పెద్దవాళ్ళు బీరువా చూశారు, తాళం చూశారు, తాళం వేసి ఉందా లేదా లాగి చూశారు. చిదానందమూర్తికి ప్రశంసాపత్రం, దాంతోపాటు పై ఉద్యోగం వచ్చాయి. కొత్త సంవత్సరం మొక్కల సంవత్సరం అయింది. పారలూ గునపాలూ పెట్టుకోడానికి బీరువా కావాలన్నారు. ముగింపులన్నీ గబగబా జిగురు రాసి దేనివి దానికి అంటించేశారు. ఆరో సంపుటం దగ్గర మాత్రం నూకరాజు అడ్డం పడుకున్నాడు. ఆవకాయ ముగింపు తియ్యనివ్వలేదు. నేటికీ జొన్నలంకలో గండశిల బతికే ఉన్నాడు, జాడీలో. పచ్చళ్ళ పుస్తకంలో మాత్రం ఆఖర్న కోట తగలబడుతుంది. పద్ధతి కష్టంగా ఉందని ఆడవాళ్ళు ఆ పచ్చడి మానుకున్నారు.

భద్రయ్యని గోడవైపు కూర్చోబెట్టమన్న ఉత్తర్వు రద్దు చెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఏడో సంపుటం పట్టుకుని గోడకెదురుగానే కూర్చున్నాడు. నూకరాజు వెనకనించి మెడ సాచి చూశాడు. రాజు వచ్చిన పేజీలు మామూలుగా తిరిగాయి. సోమరేఖ వచ్చింది. వేలు ఆగింది. మంత్రం మరిచిపోయి రాజుని నానా తిట్లూ తిట్టే చోట భద్రయ్య చదివిన పేజీ మళ్ళీ చదివాడు. పెదాలు కదులుతున్నాయి.

నూకరాజు మునివేళ్ళ మీద బయటికి నడిచి, మెట్ల మీద గంతేశాడు.

“ముసల్ది బతుకుద్దిరోయ్! ఒక్క పేజీ కూడా గబగబా తిప్పట్లేదు! రెండేసి సార్లు చదూతన్నాడు!”

టీకొట్టు దగ్గర అందరికీ టీలు పోయించాడు. ఊరంతా తెలిసిపోయింది. తెలిసిపోయింది కనక ఎవరూ వెనక్కి తిప్పి చూసుకోలేదు.

భద్రయ్య తరవాత పుస్తకం హైమవతికి వెళ్ళింది. ఆదివారం పొద్దున ఆవిడ అందరికంటే ముందొచ్చింది. వచ్చి గోడ దగ్గర, కుర్చీ పక్కన నిలబడింది. కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి.

“బీరువా దగ్గరే తెలుసు కదండీ మీకు, సోమరేఖ పోతుందని?”

“తెలుసు.”

“మరి ఆవిడ పేజీలు గబగబా తిప్పెయ్యాలి కదా? అదేగా మీ పద్ధతి.”

భద్రయ్య ఒళ్ళో మూడో సంపుటం ఉంది. మధ్యలో వేలు పెట్టి ఉంచాడు.

“నేనూ సూరమ్మా ఇక్కడ ఆగిపోయేం, టీచరమ్మా” అన్నాడు. “ఇంటికాడ దీన్ని ఇక్కణ్ణించి మళ్ళీ ఎత్తుకున్నాను. గట్టిగా చదవాలి గదా. ఆలీసం అవుద్ది.”

మెట్ల దగ్గర సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. నూకరాజు గుమ్మంలోనించే కేకేశాడు.

“టీచరుగారండోయ్! అయిపోయిందటగా! ముసల్దాన్ని ఆఖర్న ఏం చేశారండీ?”

హైమవతి కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది.

“ఏముందయ్యా, వాసెన కట్టారు. మూడోనాడు తీసి కలుపుతారు.”

“నేను చెప్పలే!” అన్నాడు నూకరాజు.

భద్రయ్య పుస్తకం తెరిచి, వేలు పెట్టిన చోట మొదలుపెట్టాడు. పెదాలు కదిలాయి. ఈసారి కాస్త గట్టిగానే. పద్మనాభం తలెత్తి బోర్డు వైపు వేలు చూపించబోయి, మానేశాడు.